విండోస్ 10 నుంచి 11కి మారాలా? "వేసేయ్" అని చెప్పడం నేను ఎందుకు మానేశానంటే...

కొన్ని నెలలుగా నాకు వచ్చే మెసేజుల్లో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందంట కదా, 11 వేసేయనా?" ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్ల దగ్గర నుంచి తెనాలిలో డీటీపీ షాపు నడిపే మా బాబాయ్ దాకా అందరిదీ ఇదే డౌట్. మొదట్లో నేను అందరికీ ఒకటే చెప్పేవాడిని: "వేసేయ్, ఫ్రీయే కదా." ఇప్పుడు అలా చెప్పట్లేదు. ఈ మధ్యలో నేను చేసిన రెండు తెలివితక్కువ పనులే దానికి కారణం. అవి కూడా చెప్తాను, నవ్వుకున్నా పర్లేదు.

ముందు అసలు విషయం. 2015 జులై 29న వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. ముగిసింది అంటే ఆ రోజు నుంచి కంప్యూటర్ ఆన్ అవ్వదని కాదు. చాలామంది అలాగే భయపడ్డారు, కొన్ని షాపులు ఆ భయాన్ని బాగానే వాడుకుని కొత్త ల్యాప్‌టాప్‌లు అమ్ముకున్నాయి. మీ పాటలు, సినిమాలు, క్రోమ్, వర్డ్ అన్నీ నిన్నటిలాగే నడుస్తాయి. ఆగిపోయేది ఒక్కటే, ప్రతి నెలా రెండో మంగళవారం వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్. విండోస్ లోపల ఎవరైనా కొత్త కన్నం కనిపెడితే దాన్ని పూడ్చేవాళ్లు ఇక ఉండరు.

"ఏముందిలే, నా కంప్యూటర్‌లో ఏం దాస్తున్నాను కనుక" అంటారా? 2017 మే నెల గుర్తు తెచ్చుకోండి. వానక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా తిరిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఎవరి దగ్గర ఏం దాచుకున్నారని అది చూడలేదు. నెట్‌వర్క్‌లో తలుపు తీసి ఉన్న ప్రతి మెషిన్‌లోకీ దూరింది. ఇంకో సంగతి ఏంటంటే, ఆ కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, అంటే రెండు నెలల ముందే. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 మెషిన్లు. అప్పటికి విండోస్ 7కి సపోర్ట్ ఇంకా ఉంది, అది 2020 జనవరిలో కదా పోయింది. అప్‌డేట్ వేసుకోనివాళ్లే మునిగారు.

అందుకే నా దృష్టిలో "10 ఆ, 11 ఆ" అనేది రెండో ప్రశ్న. మీ మెషిన్‌కి ఈ నెల ప్యాచ్ వచ్చిందా లేదా అనేది మొదటి ప్రశ్న. ఈ మాట నేను పుస్తకం చదివి చెప్పట్లేదు, నా ల్యాప్‌టాప్ మీదే నేర్చుకున్నాను.

నా ల్యాప్‌టాప్ కథ

నాది 2018లో కొన్న ల్యాప్‌టాప్. ప్రాసెసర్ ఏడో తరం ఐ5. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి. అదీ కాక టీపీఎం 2.0 ఉండాలి, సెక్యూర్ బూట్ చేయగలిగే యూఈఎఫ్ఐ ఉండాలి, కనీసం 4జీబీ ర్యామ్, 64జీబీ స్టోరేజ్. రైజెన్ వాళ్లు "మాది 2000 సిరీస్, మాకు వస్తుంది" అని ధీమాగా ఉండకండి, ఆ సిరీస్‌లో కూడా 2200జీ, 2400జీ లాంటివి లిస్టులో లేవు. పేరు చూసి లెక్కలు వేసేకంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ ఒకసారి రన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. టీపీఎం లేదు అని చూపిస్తే కంగారు పడొద్దు, చాలా మెషిన్లలో అది ఉండి కూడా బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, ఆన్ చేస్తే సరిపోతుంది. (ఆన్ చేసే ముందు కింద మా అక్క ల్యాప్‌టాప్ కథ చదవండి. ప్లీజ్.)

నా దాంట్లో టీపీఎం ఉంది, సెక్యూర్ బూట్ ఉంది, ర్యామ్ 16జీబీ. ఒక్క ప్రాసెసర్ మాత్రం లిస్టులో లేదు. మనకి అహం దెబ్బతింది. రూఫస్‌తో పెన్‌డ్రైవ్ చేసి, చెక్ తీసేసే ఆప్షన్ టిక్ చేసి, ఒక ఆదివారం మధ్యాహ్నం విండోస్ 11 23హెచ్2 వేసేశాను. చక్కగా ఎక్కింది. స్పీడ్ బాగుంది. నెలనెలా అప్‌డేట్లు కూడా వచ్చాయి. "చూశావా, అదంతా కొత్త ల్యాప్‌టాప్‌లు అమ్ముకోడానికి పెట్టిన రూలు" అని ఫ్రెండ్స్‌కి లెక్చర్ కూడా ఇచ్చాను.

ఇక్కడే నేను గమనించనిది ఒకటుంది. సపోర్ట్ లిస్టులో లేని మెషిన్‌కి నెలవారీ ప్యాచులు వచ్చినా, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ తనంతట తాను రాదు. మనమే మళ్లీ ఐఎస్ఓ దించుకుని, మళ్లీ అదే తతంగం చేసుకోవాలి. నేను 24హెచ్2 వచ్చినప్పుడు "తర్వాత చూద్దాం" అనుకున్నాను. 25హెచ్2 వచ్చినప్పుడు కూడా అదే అనుకున్నాను. 23హెచ్2 హోమ్ ఎడిషన్‌కి 2025 నవంబర్ 11తో సపోర్ట్ పోయింది. ఆ సంగతి నాకు తెలిసేసరికి సంక్రాంతి దాటిపోయింది!

ఒక్కసారి ఆలోచించండి. సెక్యూరిటీ కోసమని విండోస్ 10 వదిలి 11కి వెళ్లినవాడిని, 11లోనే ప్యాచులు ఆగిపోయిన వెర్షన్ మీద రెండు నెలలు బ్యాంకింగ్ చేశాను. అదే సమయంలో మా రూమ్మేట్ ఏం చేయకుండా విండోస్ 10 మీదే కూర్చుని, ప్రతి నెలా ప్యాచ్ తీసుకుంటూ నాకంటే సేఫ్‌గా ఉన్నాడు.

అదెలా అంటే ఈఎస్‌యూ. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని ఇంతకుముందు కంపెనీలకే ఇచ్చేవాళ్లు, విండోస్ 10కి మొదటిసారి మామూలు యూజర్లకి కూడా ఇచ్చారు. 2026 అక్టోబర్ 13 వరకు. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా వెయ్యి మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు వాడొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయ్యి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బులేం అక్కర్లేదు. మీది 22హెచ్2 వెర్షన్ అయ్యుండాలి, అంతే. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే ఎన్‌రోల్ అనే లింక్ కనిపిస్తుంది. ఇంత సులువైన పని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో కూడా "మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఎందుకు ఇవ్వాలి" అని మొండికేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ జీమెయిల్, ఇన్‌స్టా, ట్రూకాలర్ అన్నీ వాడుతూ ఇక్కడ మాత్రం ప్రైవసీ అంటే, నాకు అంత అతకట్లేదు.

కాబట్టి బైపాస్ గురించి నా అభిప్రాయం ఇది: మీ సొంత మెషిన్ అయితే, ఏడాదికోసారి కూర్చుని చేసుకునే ఓపిక ఉంటే, చేసుకోండి. కానీ నాన్నగారి కంప్యూటర్‌కి, పక్కింటి అంకుల్ కంప్యూటర్‌కి బైపాస్ చేసిపెట్టకండి. మీరు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోతారు, ఆ మెషిన్ అక్కడే పాత వెర్షన్ మీద ఉండిపోతుంది. గేమర్లకి ఇంకో మాట. వాలరంట్ విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉన్నాయో లేదో చూస్తుంది. అవి లేని మెషిన్‌లో బైపాస్‌తో 11 వేస్తే, నిన్నటిదాకా 10 మీద ఆడిన గేమ్ ఈరోజు ఓపెన్ అవ్వదు. మా కజిన్ ఒకడు ఇలాగే వేసి, రాత్రి రెండింటికి ఫోన్ చేశాడు.

నీలం స్క్రీన్, 48 అంకెలు

ఇప్పుడు నా రెండో ఘనకార్యం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

మా అక్క పీహెచ్‌డీ చేస్తోంది. తన ల్యాప్‌టాప్ పదో తరం ప్రాసెసర్, విండోస్ 11కి అన్ని అర్హతలూ ఉన్నాయి, సెక్యూర్ బూట్ ఒక్కటే ఆఫ్‌లో ఉంది. "రెండు నిమిషాలక్కా" అని చెప్పి బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేసి, సేవ్ చేసి రీస్టార్ట్ చేశాను. నీలం స్క్రీన్ వచ్చింది. బిట్‌లాకర్ రికవరీ కీ ఎంటర్ చేయమంటుంది. 48 అంకెలు.

"ఏం కీ రా?" అంది అక్క. ఆ ల్యాప్‌టాప్‌లో డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందని తనకి తెలియదు, నాకూ తెలియదు. చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయిపోతుంది. మంచిదే, ల్యాప్‌టాప్ పోయినా దొంగకి డేటా దొరకదు. కానీ బూట్ సెట్టింగ్స్ ఎవరైనా కెలికితే, అది మనమా దొంగా అని దానికి తెలియదు కదా, తాళం వేసేస్తుంది. తాళంచెవి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది.

సరే, అక్క అకౌంట్‌లోకి ఫోన్‌లో లాగిన్ అయ్యాం. అక్కడ ఏ కీ లేదు. ఆ డివైసే లేదు. అప్పుడు గుర్తొచ్చింది అక్కకి: కొన్న రోజు షాపతనే "మేడమ్, సెటప్ అంతా మేమే చేసి ఇస్తాం" అని చేతికిచ్చాడట. అతను తన మెయిల్ ఐడీతో సైన్ ఇన్ చేసి సెటప్ చేశాడు. ఐదేళ్లుగా అక్క థీసిస్‌కి తాళంచెవి ఎవరో ముక్కూ మొహం తెలియని అబ్బాయి అకౌంట్‌లో ఉంది.

రెండు రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. మూడు చాప్టర్లు అందులో ఉన్నాయి. గైడ్‌కి మెయిల్ చేసిన పాత డ్రాఫ్ట్ తప్ప బ్యాకప్ లేదు. నేను బయోస్‌లో సెక్యూర్ బూట్ మళ్లీ ఆఫ్ చేసి చూశాను. కొన్నిసార్లు అలా పాత స్థితికి తెస్తే తెరుచుకుంటుందంటారు, మాది తెరుచుకోలేదు. చివరికి బిల్లు మీద ఉన్న నంబర్ పట్టుకుని షాపుకి ఫోన్ చేస్తే, అతను అక్కడ మానేసి ఇంకో షాపులో చేస్తున్నాడు. ఆ అబ్బాయి మంచివాడు కాబట్టి సరిపోయింది. అకౌంట్ తెరిచి చూస్తే, అందులో పదుల కొద్దీ డివైసులు ఉన్నాయట! మా స్క్రీన్ మీద కనిపించే కీ ఐడీ చెప్తే, దాన్ని బట్టి వెతికి 48 అంకెలు వాట్సాప్‌లో పంపాడు. అంకెలు కొడుతుంటే నా చేతులు వణికాయి.

కాబట్టి అప్‌గ్రేడ్ చేసినా చేయకపోయినా, ఇది చదవడం ఆపి ఒక పని చేయండి. మీ మెషిన్‌లో ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉందో చూడండి, అది మీదేనా? డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందా? ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. బయోస్‌లో చేయి పెట్టే ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి. ఫైల్స్‌ని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. డ్రైవ్‌లో ఉన్నాయి, వన్‌డ్రైవ్‌లో ఉన్నాయి అనుకోవడం వేరు, వేరే మెషిన్‌లో తెరిచి చూడటం వేరు. 24హెచ్2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసే మెషిన్లలో, హోమ్ ఎడిషన్‌తో సహా, ఈ ఎన్‌క్రిప్షన్ ఇంకా ఎక్కువగా ఆన్ అవుతోంది, కాబట్టి ఈ నీలం స్క్రీన్ ముందు ముందు చాలా ఇళ్లలో కనిపిస్తుంది.

అక్క ల్యాప్‌టాప్‌ని తర్వాత విండోస్ 11కి మార్చాను. ఈసారి బ్యాకప్ తీసుకుని, సొంత అకౌంట్ పెట్టి. బాగానే ఉంది. అర్హత ఉన్న మెషిన్ అయితే మారమనే నా సలహా, అందులో నాకు డౌట్ లేదు. రైట్ క్లిక్ చేస్తే సగం ఆప్షన్లు దాచేస్తుంది, స్టార్ట్ మెనూలో సిఫార్సుల గోల ఒకటి, ఇవన్నీ చికాకే కానీ వారంలో అలవాటు పడతాం. నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి వెనక్కి రావచ్చు. ఆ పది రోజుల్లో "సీ డ్రైవ్ నిండిపోయింది" అని పాత విండోస్ ఫోల్డర్ మాత్రం డిలీట్ చేయకండి, వెనక్కి వచ్చే దారి అదే. ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఉన్నవాళ్లు ముందు ఎస్ఎస్‌డీ వేయించుకోండి, ఆ తర్వాతే విండోస్ 11 మాట. రూల్స్‌లో ఎస్ఎస్‌డీ తప్పనిసరి అని లేదు, కానీ హార్డ్ డిస్క్ మీద 11 వాడటం అంటే టీ పెట్టుకుని వచ్చేలోగా స్టార్ట్ మెనూ తెరుచుకుంటే గొప్ప.

క్రాక్ విండోస్ వాడేవాళ్లకి ఒక్క ముక్క. యాక్టివేటర్ రన్ చేయడానికి డిఫెండర్ ఆఫ్ చేసిన రోజే మీ సెక్యూరిటీ అయిపోయింది. 10 అయినా 11 అయినా మీకు తేడా లేదు.

బాబాయ్ షాపు

ఇక మా బాబాయ్ దగ్గరికొద్దాం. ఈ కథలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆయన మెషినే.

పెళ్లి కార్డులు, కరపత్రాలు, గృహప్రవేశాల ఆహ్వానాలు, అవి ఆయన పని. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌కి 2001లో వచ్చిన ఆ 7 తర్వాత ఇంకో పెద్ద వెర్షనే రాలేదు. అయినా మన ఊళ్లలో పెళ్లి కార్డు ఇప్పటికీ దాంట్లోనే పుడుతుంది. యూనికోడ్‌కి మారొచ్చు కదా బాబాయ్ అంటే, "ఇరవై ఏళ్లుగా చేసిన కార్డులన్నీ ఇందులో ఉన్నాయిరా, కస్టమర్ వచ్చి మా పెద్దమ్మాయి కార్డు లాంటిదే కావాలంటే రెండు నిమిషాల్లో పేర్లు మార్చి ఇస్తాను" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన కంప్యూటర్‌లో ఉన్నది 32 బిట్ విండోస్ 10. చాలామందికి తెలియనిది ఏంటంటే, విండోస్ 11కి 32 బిట్ ఎడిషనే లేదు. 64 బిట్ ఒక్కటే. 32 బిట్ ప్రోగ్రాములు దాని మీద నడుస్తాయి కానీ 32 బిట్ డ్రైవర్లు నడవవు, 16 బిట్ ప్రోగ్రాములు అసలే నడవవు. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి ప్రోగ్రామ్ 32 బిట్ అయినా ఇన్‌స్టాలర్ మాత్రం 16 బిట్ ఉంటుంది, అక్కడే ఆగిపోతుంది. పైగా 32 బిట్ నుంచి 64కి అప్‌గ్రేడ్ ఉండదు, మొత్తం తుడిచి కొత్తగా వేయాలి. బాబాయ్ దగ్గరున్న పాత లేజర్ ప్రింటర్‌కి నేను వెతికినంతలో 64 బిట్ డ్రైవర్ దొరకలేదు. అంటే విండోస్ 11 "ఫ్రీ" అప్‌గ్రేడ్ ఆయనకి కొత్త కంప్యూటర్, కొత్త ప్రింటర్, పోయిన ఫైళ్లు. పెళ్లిళ్ల సీజన్ ముందు ఆ పని చేసి ఉంటే నన్ను ఆ వీధిలోకి రానిచ్చేవాడు కాదు.

మీసేవ లాంటి సెంటర్లు నడిపేవాళ్లు, వేలిముద్ర మెషిన్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు వాడేవాళ్లు కూడా ఇదే చూసుకోవాలి. కంప్యూటర్‌కి అర్హత ఉందా అని ఒక్కటి కాదు, దానికి తగిలించినవాటికి డ్రైవర్ ఉందా అని. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కావాలని అడిగే సైట్లకైతే ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది, దానికి భయం లేదు.

మరి బాబాయ్‌ని అలాగే వదిలేయాలా? ఆయన మెషిన్‌లోనే వాట్సాప్ వెబ్ తెరిచి కస్టమర్లు పంపిన ఫోటోలు దించుకుంటాడు. రోజుకి పది మంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారు. ఈఎస్‌యూ ఏడాది దాటాక అదంతా ప్యాచ్ లేని మెషిన్ మీద జరిగితే, ఆ ఇరవై ఏళ్ల కార్డులు ఒక్క ర్యాన్సమ్‌వేర్‌కి పోతాయి. నాకు తోచింది ఇది: డీటీపీ మెషిన్‌కి నెట్ తీసేశాం, కేబుల్ పీకేశాం. దుమ్ము పట్టి ఉన్న తమ్ముడి పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే, అందులో లినక్స్ మింట్ వేసి పక్కన పెట్టాం. వాట్సాప్, మెయిల్, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు అన్నీ అక్కడ. అక్కడి నుంచి కావలసిన ఫోటో మాత్రమే షాపు సొంత పెన్‌డ్రైవ్‌లో ఈ మెషిన్‌కి వస్తుంది. కార్డుల ఫోల్డర్ మొత్తం రెండు హార్డ్ డిస్క్‌ల్లోకి కాపీ, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో.

ఇది పర్ఫెక్ట్ కాదు. పెన్‌డ్రైవ్ దారి ఇంకా ఉంది. రెండు మెషిన్ల మధ్య తిరగడం ఆయనకి విసుగ్గా ఉంది, మొదటి వారం రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. లినక్స్ అందరికీ సరిపోతుందని కూడా నేను అనను, ఎంఎస్ ఆఫీస్ గానీ వాలరంట్ గానీ కావాలనుకునేవాళ్లకి అది కుదరదు. కానీ బ్రౌజర్ ఒక్కటే వాడే పాత ల్యాప్‌టాప్‌ని చెత్తలో పడేసేకంటే నయం కదా. ర్యామ్ ధరలు పెరిగి కూర్చున్న ఈ టైమ్‌లో, ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ కోసం కొత్త మెషిన్ కొనమని నేనైతే ఎవరికీ చెప్పను. ఈఎస్‌యూ పెట్టుకుని 2026 అక్టోబర్ దాకా టైమ్ తీసుకోండి. క్రోమ్ సంగతి కూడా అంతే, విండోస్ 7కి సపోర్ట్ పోయాక కూడా మూడేళ్లు, 2023 దాకా క్రోమ్ దానికి అప్‌డేట్లు ఇచ్చింది. రేపటికి రేపే అంతా ఆగిపోదు.

నా ల్యాప్‌టాప్‌కి మొన్న ఆదివారం కూర్చుని 25హెచ్2 వేశాను. తర్వాతిది ఎప్పుడు చూసుకోవాలో ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టాను. పోయిన వారం తెనాలి వెళ్తే బాబాయ్ డీటీపీ మానిటర్ అంచుకి కార్డు ముక్క ఒకటి అంటించి ఉంది, అను ఫాంట్‌లో పెద్ద అక్షరాలతో: "దీనికి నెట్ తగిలించరాదు. అబ్బాయి చెప్పాడు."